గిల్లేసూగూరు వంటింట్లో పఫ్



ఈ రోజు మాట్లాడబోయేది పఫ్ గురించి. బస్టాండు బేకరీలో అద్దాల పెట్టె లోపల, చిన్న బల్బు వెలుతురు కింద వరసగా పేర్చి ఉంటాయే, అవే. ఎగ్ పఫ్, కర్రీ పఫ్, వెజిటబుల్ పఫ్. కాగితం ముక్కలో పెట్టి చేతికిస్తారు. కొరకగానే సగం పొరలు నోట్లోకి, సగం ఒళ్లో బట్టల మీదికి. కొనుక్కు తినడానికి ఎవరికీ పాఠం అక్కర్లేదు. అలాంటిది ఇంట్లో చేద్దామని కూర్చుంటే ఏమవుతుందన్నదే ఇవాళ్టి సంగతి. అందులోనూ గిల్లేసూగూరులో. అందులోనూ ఏప్రిల్ నెలలో.

గిల్లేసూగూరు రాయచూరు తాలూకాలో, రాయచూరు నుంచి మంత్రాలయం వైపు వచ్చే దారిలో ఉంది. పైన కృష్ణ, కింద తుంగభద్ర, మధ్యలో మనం. బడిలో కన్నడం, ఆఫీసులో కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు, అంగట్లో రెండూ. ఇక ఎండకి ఏ భాషా లేదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు. మధ్యాహ్నం రెండింటికి వంటింట్లో నల్ల కడప బండ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. పొయ్యి వెలిగించకముందే సుమా.

ఆ బండ మీదే మా మేనకోడలు పఫ్‌లాగే పొరలుండే ఫ్రెంచివాళ్ల క్రోసాన్ చేస్తానంది.

పిల్ల డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. మా అన్న రాయచూరు నుంచి ఒక చిన్న కరెంటు ఓవెన్, అదే ఓటీజీ, కొనుక్కొచ్చాడు. కేకు చేసింది, బాగానే వచ్చింది. బిస్కట్లు చేసింది, అవీ వచ్చాయి. దాంతో ధైర్యం వచ్చి ఒక్కసారిగా అన్నిటికన్నా కష్టమైన దాని మీద పడింది. ఫోనులో చూస్తే ఎవరో చలిదేశపు ఆవిడ పాలరాతి బల్ల మీద పిండి పరిచి, మధ్యలో వెన్న పలక పెట్టి, కవరు మూసినట్టు మూసి, కర్రతో ఒత్తి, మడిచి, మళ్లీ ఒత్తి, అరగంటలో అయిపోయినట్టు చూపించింది. ఆవిడ వంటింట్లో కిటికీ బయట మంచు పడుతోంది. ఆ సంగతి మన పిల్ల పట్టించుకోలేదు.

తరవాత జరిగింది నేను పక్కన ఉండే చూశాను. పిండి చక్కగా తడిపింది. వెన్నను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి చపాతీ కర్రతో పలకలా పరిచింది. మొదటి మడత బాగానే పడింది. రెండో మడతకు పిండి పైన అక్కడక్కడా పసుపు మచ్చలు కనిపించాయి, అంటే వెన్న లోపలి నుంచి తొంగిచూస్తోందన్నమాట. మూడో మడతకు కర్రకు జిడ్డు అంటింది, బండకు జిడ్డు అంటింది, పొడిపిండి చల్లితే అది ముద్దలు కట్టింది. ఎలాగో చుట్టి ఓవెన్లో పెట్టింది. పావుగంటకు ట్రే లోపల నెయ్యి మడుగు. ఆ మడుగులో చిన్న చిన్న నెలవంకలు వేగుతున్నాయి.

"అత్తా, వెన్నంతా కారిపాయ!" అంది.

కారిపోక ఏం చేస్తుంది? వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. మన వంటిల్లు అప్పటికే దాన్ని దాటి ఉంది. పిల్ల చేతిలో లోపం ఏమీ లేదు. అయినా ఆ సాయంత్రమంతా "నాకు చేతకాదు" అని మొహం ముడుచుకుని కూర్చుంది. కొత్తగా వంట నేర్చుకునేవాళ్లు తప్పెప్పుడూ తమ చేతిలోనే వెతుక్కుంటారు. గోడకున్న థర్మామీటరు వైపు ఎవరూ చూడరు.

ఈ పొరల వ్యవహారం ఎలా నడుస్తుందో ఒకసారి చూద్దాం. మైదాలో సుమారు పది శాతం మాంసకృత్తులు ఉంటాయి. నీళ్లు కలిపి పిసికితే అవి గ్లూటెన్ అనే సాగే జాలంగా అల్లుకుంటాయి. పూరీ పిండిని లాగి వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది చూడండి, అది దాని పనే. ఈ పిండి మధ్యలో వెన్న పెట్టి ఒత్తి, మూడు మడతలు వేస్తే వెన్న పొరలు మూడవుతాయి. మళ్లీ ఒత్తి మళ్లీ మూడు మడతలు వేస్తే తొమ్మిది. మూడోసారికి 27. నాలుగోసారికి 81. పాత పద్ధతి పఫ్‌కు ఆరుసార్లు మడవాలంటారు, అప్పటికి 729. నోటి లెక్కతో తేలిపోయే సంగతే. చేత్తో తేల్చడమే కష్టం, ఎందుకంటే ఆ 729 పొరల్లో ఏ ఒక్కటీ తెగకూడదు, పక్క పొరలోకి ఇంకిపోకూడదు.

ఇప్పుడు ఓవెన్లోకి వెళ్దాం. మన దేశపు ప్రమాణాల ప్రకారం అంగట్లో టేబుల్ బటర్ పేరుతో అమ్మే వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, తేమ 16 శాతానికి మించకూడదు. ఆ తేమా, పిండిలో మనం పోసిన నీళ్లూ 200 డిగ్రీల వేడికి ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి బయటికి పోదామంటే పైన పిండి పొర అడ్డం. దాన్ని పైకి తోస్తుంది. అలా ప్రతి పొర కిందా ఆవిరి తోస్తుంటే మొత్తం లేస్తుంది. ఈలోగా వెన్నలోని కొవ్వు పొరలను వేయిస్తుంది, అందుకే కరకర. పఫ్‌లో ఈస్టు లేదు, వంటసోడా లేదు, నీరే పొంగించేది. పొరలు ముందే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటే ఆవిరికి తోయడానికి ఏమీ దొరకదు. అప్పుడు వచ్చేది నేతి బిస్కట్టు. అదీ తినొచ్చు, కాదనను.

అసలు కిటుకు ఏమిటంటే, ఒత్తేటప్పుడు వెన్నా పిండీ ఒకే గట్టిదనంతో ఉండాలి. కాడికి కట్టిన జోడెద్దుల్లాగా రెండూ ఒకే అడుగు వెయ్యాలి. వెన్న మరీ చల్లగా ఉంటే కర్ర కింద పెళుసుగా పగిలి ముక్కలవుతుంది. మెత్తబడితే పిండిలోకి పారిపోతుంది. సుమారు 13 నుంచి 18 డిగ్రీల మధ్య అది వంగుతుంది, విరగదు. ఆ అయిదు డిగ్రీల సందులోనే పఫ్ విద్య అంతా ఉంది. ఐరోపాలో ఆ అయిదు డిగ్రీలు ఏడాదిలో చాలా రోజులు కిటికీ తెరిస్తే దొరుకుతాయి. మనం డబ్బిచ్చి ఫ్రిజ్‌లోంచి తెచ్చుకోవాలి.

ఫ్రాన్సులో ఈ పొరల పిండి విధానం 1651లో పారిస్‌లో అచ్చయిన లా వరెన్ వంటల పుస్తకంలోనే ఉంది. క్రోసాన్ కథ వేరు. వియన్నాలో కిఫ్ఫెర్ల్ అనే నెలవంక రొట్టె ఉండేది. 1830ల చివర్లో ఆగస్ట్ త్సాంగ్ అనే ఆస్ట్రియా పెద్దమనిషి పారిస్‌లో వియన్నా బేకరీ తెరిచి దాన్ని అక్కడివాళ్లకు అలవాటు చేశాడు. ఆయన సైన్యంలో పనిచేసినవాడు. కొన్నేళ్లకు బేకరీ వదిలేసి వియన్నా తిరిగి వెళ్లి 1848లో పత్రిక పెట్టి బాగా గడించాడు. రొట్టె కన్నా పేపరే లాభమని ఆయనకు తోచినట్టుంది. ఇప్పుడు మనం చూసే పొరల క్రోసాన్ మాత్రం ఆ తరవాత ఎప్పటికో, ఇరవయ్యో శతాబ్దం దగ్గర్లో స్థిరపడింది. టర్కీ సైన్యాన్ని ఓడించిన గుర్తుగా నెలవంక ఆకారంలో చేశారనే కథ ఒకటి తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది, ఆధారం మాత్రం లేదు.

మరి రాయచూరు బస్టాండుకి పఫ్ ఎలా వచ్చింది? మాకు రెండు వైపుల నుంచీ బేకరీలు వచ్చాయి. 1956 నవంబరు దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టు, కీమా కూరిన లుఖ్మీ, ఇవన్నీ ఆ వైపు అలవాట్లు. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ దగ్గరి కరాచీ బేకరీ 1953లో మొదలైంది. రెండోవైపు బెంగళూరు అయ్యంగార్ బేకరీలు. వాటిలో మొదటిదిగా చెప్పుకునే బీబీ బేకరీ 1898 నాటిది. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు గుడ్డు ముట్టకుండా ఖారా బన్ను, దిల్ పసంద్, వెజిటబుల్ పఫ్ చేసి కర్ణాటకలో ఊరూరికీ పట్టుకెళ్లారు. మా దగ్గర ఒకే అద్దాల పెట్టెలో పై అరలో ఖారా బన్ను, కింది అరలో ఉస్మానియా బిస్కట్టు కనిపిస్తాయి. తినేవాడు సరిహద్దు చూసుకుని తినడు.

ఒకసారి రాయచూరులో పఫ్ చేసే మేస్త్రీని అడిగాను, ఈ ఎండల్లో మీకెట్లా నిలుస్తుందయ్యా అని. ఆయన నవ్వాడు. "వెన్నతో చేస్తామని ఎవరు చెప్పినారమ్మా? వెన్న అయితే భట్టీ దగ్గరికే రాదు. రాత్రి మూడింటికి లేచి మడతలు వేస్తాం. అదీ మార్జరిన్‌తో" అన్నాడు. పఫ్ కోసమే తయారయ్యే మార్జరిన్ ఒకటి ఉంది. గట్టిగా, మైనంలా వంగుతుంది, వెన్న కన్నా ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది. అందుకే బేకరీ పఫ్ తిన్నాక అంగిలికి ఏదో పూత అంటినట్టు ఉంటుంది. అది మన నోటి వేడికి కూడా పూర్తిగా కరగదు. ఒకప్పుడు ఇలాంటి గట్టి నూనెల్లో ట్రాన్స్ కొవ్వులు బాగా ఉండేవి. 2022 జనవరి నుంచి వాటిని రెండు శాతం లోపే ఉంచాలని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. ఏమైనా, మేస్త్రీ చెప్పినదాంట్లో పనికొచ్చే మాటలు రెండున్నాయి. వేళ చూసుకో, కొవ్వు చూసుకో.

ఈ రెండు మాటలూ మా అమ్మకు ముందే తెలుసు, పఫ్ పేరు తెలియకపోయినా. మనవరాలి ట్రేలోని నెయ్యి మడుగు చూసి, "పచ్చి వెన్న పెట్టి మడిస్తే నిలుస్తుందా? చిరోటీకి ఏం పెడతాం?" అంది.

మాకు పెళ్లి భోజనాల్లో చిరోటీ ఉంటుంది. పూరీలా గుండ్రంగా, మీద పొరలు పొరలుగా విచ్చుకుని ఉంటుంది. పైన పంచదార పొడి చల్లి, వేడి బాదం పాలు పోస్తే, పాలు పొరల సందుల్లోకి దిగుతాయి. పొరలు మెత్తబడకముందే తినెయ్యాలి, వడ్డించేవాడు మళ్లీ వచ్చేదాకా ఆగకూడదు. చిరోటీకి పిండిని పల్చటి చపాతీలుగా ఒత్తుతారు. ఒక్కోదాని మీదా పేరిన నెయ్యీ బియ్యప్పిండీ కలిపి నురుగులా గిలకొట్టిన ముద్ద పూస్తారు. ఒకదాని మీద ఒకటి పేర్చి, చాపలా చుట్టి, అడ్డంగా ముక్కలు కోసి, ఆ ముక్కను చక్రం కనిపించేలా పెట్టి ఒత్తి, సన్నటి సెగ మీద వేయిస్తారు. పేణీలదీ ఇంచుమించు ఇదే కుటుంబం.

మండపేట దగ్గరి తాపేశ్వరం మడత కాజా కూడా ఈ కులంలోదే. ఆ కాజా పోలిశెట్టి సత్తిరాజు గారి పేరుతో ఊరు దాటి నాడు దాటి ప్రసిద్ధి చెందింది. కాకినాడ గొట్టం కాజా లోపల పాకం నిలుస్తుంది, తాపేశ్వరం కాజాలో పొరల మధ్య పాకం నిలుస్తుంది. పొరలు విడివడకపోతే పాకం పీల్చుకోదు. కొంచెం ఎక్కువ సెగ పెడితే పైన ఎర్రబడి లోపల పిండి పచ్చిగా మిగులుతుంది. అందుకే కాజా వేయించేవాడు బాణలి దగ్గర తొందరపడడు. నూనె గోరువెచ్చగా ఉండగానే కాజాలు వేస్తాడు, అవి అడుగున కూర్చుని నెమ్మదిగా విచ్చుకుంటూ పైకి లేస్తాయి.

మరి చిరోటీలో బియ్యప్పిండి ఎందుకు? అమ్మ "అట్లయితేనే పొర విడుస్తుంది" అంటుంది, అంతకన్నా విడమరచదు. నేను చెప్తాను. బియ్యప్పిండిలో గ్లూటెన్ ఉండదు, కాబట్టి అది మైదాతో అల్లుకోదు. దాని రేణువులు నేతిని పట్టి ఉంచుతాయి, ఎండకు కాస్త పల్చబడినా పారిపోనివ్వవు. నేతిలో నీరు కూడా ఇంచుమించు ఉండదు, కాబట్టి పిండి పొరను తడిపి జిగురు చెయ్యదు. వెన్నకు కావలసిన 13 డిగ్రీల చలి దీనికి అక్కర్లేదు. 35 డిగ్రీల వంటింట్లో పొరలు నిలబెట్టాలంటే ఏం చెయ్యాలో ఎవరో ఎప్పుడో ఇక్కడే కూర్చుని తేల్చేశారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పొంగు విషయంలో మాత్రం ఒప్పుకోవాలి, చిరోటీ పఫ్ అంత ఎత్తు లేవదు. వెన్నలోని నీటి ఆవిరి దీనికి లేదు కదా. అది ఇచ్చేది పొడిపొడిగా రాలే పొర. పఫ్ ఇచ్చేది బోలుగా లేచిన పొర. రెండిట్లో నా ఓటు చిరోటీకే, అయితే పెళ్లింటి పక్షపాతం కొంత ఉండొచ్చు.

ఉన్నదానితో తెలియని వంట చెయ్యడమంటే నాకు తలశ్శేరి బాపు గుర్తొస్తాడు. కేరళలో మంబళ్లి బాపు 1880లో రాయల్ బిస్కట్ ఫ్యాక్టరీ పెట్టాడు. బర్మాలో బిస్కట్లు చెయ్యడం నేర్చుకొచ్చినవాడు. 1883లో బ్రౌన్ అనే దాల్చినచెక్క తోటల దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు ఒకటి రుచి చూపించి, క్రిస్మస్‌కి ఇలాంటిది చేసిపెట్టగలవా అన్నాడట. బాపు అప్పటిదాకా కేకు చెయ్యలేదు. పక్కనే ఉన్న మాహే నుంచి ఫ్రెంచి బ్రాందీ తెచ్చి వాడమని దొర సలహా. బాపు అది పక్కన పెట్టి, జీడిమామిడి పండూ అరటిపండూ పులియబెట్టిన స్థానిక సారా పోశాడని, దొర తిని మరో డజను ఆర్డరిచ్చాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. దేశంలో మొదటి క్రిస్మస్ కేకు అదేనంటారు. దొర చెప్పినట్టే చేసి ఉంటే ఎలా వచ్చేదో మరి.

సరే, ఇంత విన్నాక కూడా వెన్న పఫ్ ఇంట్లో చేసి తీరాలి అనుకునే శ్రోతలు ఉంటారు. మా మేనకోడలు కూడా ఆ జాతే. వాళ్ల కోసం చెప్తున్నాను.

ముందు క్రోసాన్ వదిలెయ్యండి. దాంట్లో ఈస్టు ఉంటుంది. ఈస్టు పొంగడానికి వెచ్చదనం కావాలి, వెన్న నిలవడానికి చల్లదనం కావాలి. ఈ రెండూ కలిసే చోటు 25, 26 డిగ్రీల దగ్గర ఒక సన్నటి గీత. మన వేసవిలో ఆ గీత దొరకదు. ఈస్టు లేని పఫ్‌తో మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరి నెలలైతే మంచిది, తెల్లవారుజామునైతే మరీ మంచిది. ఆ వేళల్లో మా ప్రాంతంలో కూడా ఇరవైకి దిగుతుంది. సంకురాత్రి అరిసెల హడావిడిలో ఎక్కడ కుదురుతుందంటారా, అరిసెలయ్యాక చెయ్యండి. వేసవిలోనే చెయ్యాలనుకుంటే నాలుగింటికి లేవాలి.

పావుకిలో మైదా, చిటికెడు కాదు, చెంచా నిండా ఉప్పు, ఒక చెంచా నిమ్మరసం, సుమారు 120 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు. నిమ్మరసం పిండిని సులువుగా సాగేలా చేస్తుంది. ఎక్కువ పిసకొద్దు. పిండి నున్నగా లేకపోయినా ఫరవాలేదు, మడతల్లో అదే నున్నబడుతుంది. మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. వెన్న 180 గ్రాములు, ఉప్పు లేనిది.

ఇక్కడ మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. ఇంట్లో గేదె పాల మీద తీసిన వెన్న గిన్నెడు ఉండగా డబ్బా వెన్న ఎందుకు కొంటారని అమ్మ. గేదె వెన్న కాస్త గట్టిదే, ఆవు వెన్న కన్నా కొంచెం ఆలస్యంగా కరుగుతుంది, అది నిజం. చిక్కల్లా చిలికిన వెన్నలో మజ్జిగ నీరు దాగి ఉండటమే. కర్రతో ఒత్తగానే చెమట పట్టినట్టు బయటికి వస్తుంది, పిండి జావ అవుతుంది. అమ్మ ఊరుకోలేదు. వెన్నను చల్లటి నీళ్లలో కడిగి, పల్చటి పంచెగుడ్డలో మూట కట్టి, పీట మీద పెట్టి అరచేత్తో అదిమింది. గుడ్డ తడిసింది. విప్పి మళ్లీ కట్టి మళ్లీ అదిమింది. గుడ్డ పొడిగా వచ్చేదాకా వదల్లేదు. ఆ వెన్నను ఫ్రిజ్‌లో గట్టిపరచి పలక చేస్తే, నమ్మండి, డబ్బా వెన్నకు ఏమీ తీసిపోలేదు. వాసన అయితే దానికన్నా మేలు. ఓపిక లేనివాళ్లు డబ్బా వెన్నే కొనండి.

ఒత్తడానికి ముందు కడప బండ మీద పావుగంటసేపు ఐసు ట్రేలు పెట్టి తీసి, పొడిగా తుడవండి. రాయి చలిని కాసేపు పట్టి ఉంచుతుంది. పిండిని చదరంగా పరిచి, వెన్న పలకను మధ్యలో పెట్టి, నాలుగు మూలలూ దాని మీదికి మడిచి, అంచులు అతకండి. కర్రను ముందుకీ వెనక్కీ లాగకుండా, ముందు అక్కడక్కడా మెల్లగా అదమండి, వెన్న సమంగా పరుచుకుంటుంది. ఆ తరవాత ఒకే దిక్కుకి పొడుగ్గా ఒత్తండి. పొడిపిండి ఎక్కువ చల్లితే దాన్ని బ్రష్‌తో దులిపెయ్యండి, లేకపోతే మడతలు ఒకదానికొకటి అంటుకోవు. మూడు మడతలు వేసి, గుడ్డలోనో కవరులోనో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో. తీసి, పావు చుట్టు తిప్పి మళ్లీ. ఇంటి పఫ్‌కు ఇలా నాలుగుసార్లు మడిస్తే చాలు, 81 పొరలు వస్తాయి. ఆరుసార్లంటే మన ఎండలో ఆశకు పోవడమే.

మధ్యలో ఎక్కడైనా వెన్న బయటపడితే గాభరా పడొద్దు. ఆ చోట కాస్త పొడిపిండి అద్ది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. "ఇంకొక్క మడతే కదా" అని కొనసాగించారా, పోయింది. కరెంటు పోయినా అంతే, ఫ్రిజ్ తలుపు తియ్యకండి. మూసి ఉంచిన ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. ఇంట్లో చల్లటి నీళ్ల కోసం పది నిమిషాలకొకసారి తలుపు తీసేవాళ్లుంటారు. ఆ రోజు వాళ్లకు కుండ నీళ్లు చూపించండి.

కూర సంగతి. ఎర్రగడ్డలు, బంగాళాదుంప, పచ్చి బఠాణీ, కొత్తిమీర, మీకు నచ్చినట్టు. తడి లేకుండా దగ్గరగా వేయించి, పూర్తిగా చల్లారబెట్టాలి. వేడి కూర పెడితే ఇంతసేపు కాపాడిన వెన్న అక్కడే కరుగుతుంది. పిండిని పదునైన కత్తితో ఒక్క దెబ్బకు కొయ్యండి. మొద్దు కత్తితో నలిపితే అంచు పొరలు అతుక్కుపోయి ఆ పక్క లేవదు, పఫ్ ఒరిగిపోతుంది. పైన గుడ్డు సొన రాసేవాళ్లు పైనే రాయండి, కోసిన అంచు మీదికి కారనివ్వకండి. అది జిగురులా పనిచేస్తుంది. గుడ్డు తిననివాళ్లు పాలు రాయొచ్చు, రంగు కాస్త తక్కువ వస్తుంది.

ఓవెన్ 200 డిగ్రీలకు బాగా కాగాక పెట్టండి. చిన్న ఓటీజీల్లో ముల్లు చూపించే వేడికీ లోపలి వేడికీ పొత్తు కుదరదు, కాబట్టి కనీసం పావుగంట ముందే వెయ్యండి. చల్లటి ఓవెన్లో పెడితే ఆవిరి పుట్టకముందే వెన్న కరిగి కారుతుంది. మొదటి పావుగంట తలుపు తియ్యొద్దు. పైన బంగారు రంగు రాగానే తీసేస్తారు కొత్తవాళ్లు, అది తొందర. అడుగు కూడా ఎర్రబడాలి. లేకపోతే పైన కరకర, లోపల పచ్చిపిండి.

చల్లారాక ఒకటి మధ్యకు కోసి చూడండి. పొరలు విడివిడిగా, మధ్యలో గాలి సందులతో ఉంటే పని అయినట్టే. రొట్టెలా ఒత్తుగా ఉంటే వెన్న ఒత్తేటప్పుడే ఇంకిపోయింది, ఇంకా చల్లగా చెయ్యాలి. ట్రేలో నెయ్యి కారి ఉంటే ఓవెన్ చాలినంత కాగలేదు, లేదా వెన్న ముక్కలై పగిలింది. అక్కడక్కడా పెద్ద బుడగలు లేచి మిగతాది చదునుగా ఉంటే వెన్న సమంగా పరుచుకోలేదు. ట్రేను అడిగితే తప్పెక్కడో చెప్తుంది, ఫోనులో ఆవిడ చెప్పదు.

బేకరీలో దొరికేదానికి ఇంత తంటా ఎందుకని మా అన్న అన్నాడు. ఖర్చు లెక్క చూస్తే ఆయన మాటే రైటు. వెన్న ధరకు, కరెంటుకు, ఒక పూట చాకిరీకి బేకరీ నుంచి బుట్టెడు పఫ్‌లు తెచ్చుకోవచ్చు. అయితే బేకరీలో వెన్న పఫ్ దొరకదు కదన్నయ్యా అన్నాను. వేడిగా ఒకటి చేతిలో పెడితే ఇక మాట్లాడలేదు, రెండోది తీసుకున్నాడు.

ఆఖరుగా, కొయ్యగా మిగిలిన అంచు ముక్కల సంగతి. వాటిని ముద్ద చేసి పిసికెయ్యకండి, పొరలన్నీ చస్తాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి, కర్రతో ఒకసారి ఒత్తి, జీలకర్ర, ఉప్పు, కాస్త కారం చల్లి, వేలెడు వెడల్పున కోసి, మెలితిప్పి అదే ఓవెన్లో వెయ్యండి. చాయ్‌లోకి పనికొస్తాయి. పూర్తిగా చల్లారకముందు డబ్బాలో పెట్టి మూత బిగించకండి, మెత్తబడతాయి.